స్కాన్ పేషెంట్ కంటే ముందే చేరాలి

అందరికీ నమస్కారం. పిలిచినవారికీ, సెలవు రోజున వచ్చి కూర్చున్న మీకూ కృతజ్ఞతలు. ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఈ వారంలో ఎవరి ఫోన్‌కైనా సీటీ గానీ ఎమ్మారై గానీ ఫోటోగా వచ్చిందా? చేతులెత్తండి. చూశారా, దాదాపు హాలంతా ఎత్తింది.

తప్పు పట్టడానికి అడగలేదు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఉన్న డ్యూటీ డాక్టరు, ఇంట్లో ఉన్న సర్జన్‌కి స్కాన్ చూపించాలంటే చేతిలో ఉన్నది ఫోనే. మానిటర్‌ని ఫోటో తీసి పంపేస్తారు. సరైన దారి అంతకంటే నెమ్మదిగా ఉన్నంతకాలం ఎన్ని సర్క్యులర్లు ఇచ్చినా ఇదే జరుగుతుంది. సురక్షితమైన దారి ఫోటో కంటే తేలిగ్గా ఉండాలి. నేను చెప్పడానికి వచ్చింది ఇదే.

ఆ ఫోటోలో ఏం పోతుందో చూడండి. సీటీలో ఒక్కో చుక్కకీ సాధారణంగా 12 బిట్లు, అంటే 4096 స్థాయిలు. తెర మీద ఒకసారికి కనిపించేది అందులో ఒక ముక్కే, దాన్నే విండో అంటాం. మెదడు చూసేటప్పుడు విండో వెడల్పు 80 దగ్గర పెడతాం. అప్పుడు పుర్రె ఎముకా తెల్లగానే ఉంటుంది, దాన్ని ఆనుకుని ఉన్న పల్చటి రక్తమూ తెల్లగానే ఉంటుంది. వెడల్పు 200 దాకా పెంచితే రెండూ విడిగా తెలుస్తాయి. ఫోటోలో విండో మార్చలేం. తీసినవాళ్లు ఏది పెడితే అదే చూడాలి.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒక పెద్దాయన మెట్ల మీద జారిపడ్డారు. దగ్గర్లోని ఆసుపత్రిలో సీటీ తీశారు, ఫోటోలు ఒక సర్జన్‌కి వెళ్లాయి. పెద్దగా ఏమీ లేదు, అక్కడే ఉంచి చూడండి అన్నారాయన. తెల్లవారేసరికి పెద్దాయనకి మగత. మా దగ్గరికి తీసుకొచ్చారు. కూతురు సీడీ చేతిలో పట్టుకుని అంబులెన్స్‌లోంచి దిగింది. ఆ సీడీ మా కంప్యూటర్లలో తెరుచుకోలేదు. అందులోని వ్యూయర్ ప్రోగ్రామ్‌ని వైరస్ భయంతో మా సిస్టమ్స్ ఆపేస్తాయి. మళ్లీ సీటీ తీశాం. మళ్లీ రేడియేషన్, మళ్లీ ఆలస్యం. ఎడమవైపు సబ్‌డ్యూరల్, అంటే పుర్రెకీ మెదడుకీ మధ్య చేరిన రక్తం, అప్పటికే పెద్దదైంది. ఆపరేషన్ అయ్యాక ఆ సీడీని వేరే మెషీన్‌లో తెరిచి విండో పెంచి చూశాను. మొదటి స్కాన్‌లోనే ఎముక వెంబడి సన్నటి గీతలా రక్తం ఉంది.

ఆయన బతికారు. మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. కూతురు నన్ను అడిగింది: “మొదటి స్కాన్ మీకు రాత్రే ఎందుకు రాలేదండీ?” ఆ అమ్మాయికి చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. ఈ రంగంలో ఎవరి దగ్గరా ఉండకూడదు కూడా, ఎందుకంటే రాకపోవడానికి సాంకేతికంగా కారణమేదీ లేదు. అమెరికాలో రేడియాలజిస్టుల కాలేజీ, పరికరాల తయారీదారుల సంఘం 1983లో కూర్చుని, వైద్య చిత్రాల మార్పిడికి 1985లో మొదటి ప్రమాణం తెచ్చాయి. 1993 నాటికి అది డైకామ్ అయింది. ఏ కంపెనీ మెషీన్ తీసిన చిత్రాన్నైనా ఇంకే కంపెనీ మెషీన్ అయినా చదవగలగాలనేగా ఇదంతా? అయినా మన పేషెంట్ బంధువులు ఇంకా సీడీలు మోస్తున్నారు.

వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందిగా అంటారు. ఉంది. దారిలో ఎవరూ చదవలేరు. కానీ చేరాక? గ్యాలరీలో పిల్లల ఫోటోల పక్కన పేషెంట్ పేరుతో సహా ఉంటుంది, బ్యాకప్‌లోకి వెళుతుంది, ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ అవుతుంది. ఎవరు చూశారో లెక్క ఉండదు. పేషెంట్ రికార్డులోకి మాత్రం ఎప్పటికీ చేరదు.

వెనక వరుసలో ఐటీ వాళ్లున్నారు, ఈ మాట మీకు. డైకామ్ పుట్టింది ఆసుపత్రి గోడల లోపల వాడుకోవడానికి. ఒక మెషీన్ ఇంకోదాన్ని గుర్తుపట్టేది ఏఈ టైటిల్‌తో. అది వట్టి పేరు, పాస్‌వర్డ్ కాదు. పాత 104 పోర్టులో, అంటే డైకామ్ డేటా వచ్చిపోయే నెట్‌వర్క్ ద్వారంలో, వెళ్లే డేటాకి దానంతట ఎన్‌క్రిప్షన్ ఉండదు. బయటి డాక్టర్లకు సౌకర్యమని ఆ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచిపెడితే, వీధి తలుపు తీసిపెట్టి పడుకున్నట్టే. 2019లో జర్మనీకి చెందిన గ్రీన్‌బోన్ సంస్థ వెతికితే 52 దేశాల్లో దాదాపు 2 కోట్ల 40 లక్షల రికార్డులు అలా అందుబాటులో కనిపించాయి. ఎవరూ తాళాలు పగలగొట్టలేదు. తాళాలే లేవు.

అదే ఏడాది ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ యూనివర్సిటీ పరిశోధకులు ఊపిరితిత్తుల సీటీలో లేని గడ్డని పెట్టి, ఉన్న గడ్డని చెరిపి, అనుభవజ్ఞులైన రేడియాలజిస్టులను కూడా మోసగించవచ్చని చూపించారు. అందుకే భద్రత అంటే దాచడం ఒక్కటే కాదు. మనం చూస్తున్నది మెషీన్ తీసినదే అన్న నమ్మకం కూడా.

పేరు తీసేసి పంపితే సరిపోదా అని అడుగుతారు. చికిత్స కోసం పంపేటప్పుడు పేరు తీయకండి. ఒకరి స్కాన్ ఇంకొకరి ఫైల్లో పడితే అది ఇంకా పెద్ద ప్రమాదం. బోధనకైతే తీయాల్సిందే, కానీ హెడర్‌లో, అంటే ఫైలుతో పాటు ఉండే వివరాల భాగంలో, తీస్తే చాలదు. అల్ట్రాసౌండ్‌లో పేరు చిత్రం మీదే అచ్చయి ఉంటుంది. తల ఎమ్మారై నుంచి ముఖాన్నే తయారుచేయవచ్చు. మాయో క్లినిక్ వాళ్లు 84 మంది స్కాన్లతో 2019లో చేసి చూస్తే, ఫేస్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్ 70 మందిని గుర్తుపట్టింది.

మరి ఏం చేయాలి? డైకామ్‌కి వెబ్ రూపమైన డైకామ్‌వెబ్ ఉంది, వెబ్‌సైట్లు వాడే మామూలు హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తుంది. అది కుదరని పాత మెషీన్ అయితే దాని ముందు కాపలాగా ఒక గేట్‌వే కంప్యూటర్ పెట్టి, దారిలో డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే వీపీఎన్ గానీ టీఎల్‌ఎస్ గానీ వాడండి. ప్రతి డాక్టరుకీ సొంత లాగిన్, రెండో అంచెగా ఓటీపీ, గడువు తీరే లింకు, ఎవరు ఎప్పుడు తెరిచారో లాగ్. డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి మానిటర్‌కి అంటించడం దయచేసి మానండి. జిప్ ఫైలూ దాని పాస్‌వర్డూ ఒకే మెయిల్లో పంపడం కూడా.

ఫైలు బరువని భయపెడతారు. ఒక సీటీ స్లైస్ 512 ఇంటూ 512, సుమారు అర ఎంబీ. పల్చటి స్లైస్‌లు వెయ్యి అయితే 500 ఎంబీ, నిజమే. కానీ తలకి 5 మిల్లీమీటర్ల సిరీస్ అయితే ముప్ఫై స్లైస్‌లు, 15 ఎంబీ. ముందు అది వెళ్లేలా పెట్టండి, మిగతావి వెనక నిదానంగా వస్తాయి. సర్జన్ నిర్ణయం చాలాసార్లు ఆ ముప్ఫైతోనే మొదలవుతుంది. అవి ఆయన చేతికి డైకామ్‌గా, విండో మార్చుకునేలా, ఒక్క నొక్కుతో తెరుచుకోవాలి.

టైమైందని చెబుతున్నారు, స్లైడ్లు వదిలేస్తాను. మీ అందరికీ ఒక విన్నపం. మీరు ఎక్కువగా పేషెంట్లను పంపే ఆసుపత్రి ఏదో మీకు తెలుసు. రేపు నైట్ డ్యూటీలో ఒక ఫాంటమ్ స్కాన్‌ని, అంటే పరీక్ష కోసం వాడే బొమ్మ స్కాన్‌ని, పేషెంట్‌ది కాదు, సరైన దారిలో అక్కడికి పంపి చూడండి. అక్కడి డ్యూటీ డాక్టర్ తెరవడానికి ఎంతసేపు పట్టిందో, ఎక్కడ ఆగిందో రాసుకోండి. లాగిన్ దగ్గరా, ఫైర్‌వాల్ దగ్గరా, ఫోన్ ఎత్తేవాళ్లు లేకా? ఆ కాగితాన్ని మీ సూపరింటెండెంట్ చేతికివ్వండి. నెట్‌వర్క్ గురించి ఏదైనా అడగాలంటే ఇప్పుడే అడగండి, ఐటీ వాళ్లూ ఇక్కడే ఉన్నారు.