హెంప్ గింజల పొడి: చేసి చూశాను, దాచడంలో దెబ్బతిన్నాను

నమస్కారం. బల్ల మీద మూడు ఉన్నాయి, చూడండి. పొట్టుతో ఉన్న హెంప్ గింజలు, పొట్టు తీసిన పప్పు, చిన్న సీసాలో నూనె. బెంగళూరులో, మారతహళ్లిలో మా ఇంటి దగ్గరే కొన్నాను. రెండు నెలలుగా వాడుతున్నాను.

హెంప్ అంటే గంజాయి మొక్కే, మత్తు బాగా తక్కువ ఉండే రకం. ఈ సంగతి ఫోనులో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంటి ఓనరుకు తెలుసా?" అంది.

అమ్మకు చెప్పిందే మీకూ చెబుతాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొనలు. వాటితో కలవని గింజలు ఆ నిర్వచనంలోకి రావు. ఈ గింజలు, నూనె, పిండి ఆహారంగా అమ్మడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో నిబంధనలు తెచ్చింది. కిలో గింజల్లో టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, 5 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ కాస్తయినా గింజలో పుట్టేది కాదు, పూత జిగురు పైన అంటుకుంటే వచ్చేది. అందుకే లైసెన్సు నంబరు ఉన్న ప్యాకెట్టే కొనండి.

గంజాయి లడ్డూలు, చాక్లెట్లు మాత్రం నన్ను అడగకండి. నేరమన్న మాట అటుంచినా, తిన్న మత్తు ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదని మరొకటి తిన్నవాళ్లే ఆసుపత్రి పాలవుతారు.

ఇక రుచి. నూనె ఆకుపచ్చగా, గడ్డి వాసనతో ఉంది. వేడికి చెడుతుంది కాబట్టి తాలింపుకు పనికిరాదు. పప్పు మెత్తగా, నువ్వులకూ పచ్చి వేరుశనగకూ మధ్య రుచితో బాగుంది. వంద గ్రాముల్లో 30 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. ధర చూస్తే మాత్రం చెంచాతో కొలిచి వేసుకోవాలనిపిస్తుంది.

నాకు నచ్చినవి పొట్టు గింజలు. ఉత్తరాఖండ్ కుమావూ కొండల్లో వీటిని వేయించి, పచ్చిమిరపకాయలు, నిమ్మరసంతో చట్నీ నూరుకుంటారు. నేను మన పద్ధతిలో పొడి కొట్టాను. మందపాటి మూకుడు, సన్నని సెగ. గింజలు చిటపటలాడగానే దించేయాలి, ఒక్క నిమిషం ఆలస్యమైనా చేదెక్కుతుంది. ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు, రవ్వంత చింతపండు. మొదటిసారి జల్లించలేదు. పొట్టు పళ్ల కింద ఇసుకలా కరకరలాడింది! ఇప్పుడు రెండుసార్లు తిప్పి జల్లెడ పడుతున్నాను. వెల్లుల్లి తినే రోజునే దంచి కలుపుతాను, ముందే వేస్తే పొడికి తడి చేరుతుంది.

అసలు దెబ్బ తిన్నది దాచడంలో. గాజు సీసాలో పోసి, అందంగా ఉందని పొయ్యి పక్క అరలో పెట్టాను. మూడు వారాలకు మూత తీస్తే కొత్తగా రంగు వేసిన తలుపు వాసన. ఈ గింజల కొవ్వు అవిసె గింజల కొవ్వు లాంటిదే. గాలి, వెలుతురు, వేడి తగిలితే త్వరగా పాడవుతుంది. పొట్టు ఉన్నంతకాలం అదే కాపలా. పొడి కొట్టామంటే ఆ కాపలా పోయినట్టే.

ఇప్పుడు వారానికి సరిపడా కొట్టి, చిన్న స్టీలు డబ్బాలో ఫ్రిజ్‌లో పెడుతున్నాను. బయటికి తీయగానే మూత తెరవకండి. చల్లదనం పోయాక తెరిస్తే లోపల చెమ్మ పట్టదు. పప్పు ప్యాకెట్టు విప్పాక దాన్నీ ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

మళ్లీ కొనేది పొట్టు గింజలే. నూనె సీసాలో ఇంకా సగం ఉంది, పచ్చి కూరగాయల మీద పోసుకునే అలవాటున్న స్నేహితులెవరైనా వచ్చి పట్టుకెళ్లవచ్చు.