నాకొచ్చింది గంటన్నర గది

వేదిక మీది పెద్దలకు, ఈ ఉక్కలో కూర్చున్న మీకు నమస్కారం.

కావలిలో నాకిది మూడో శాలువా. పక్కింటి తమ్ముడైతే "ఏందన్నా, ఇంక నువ్వు సైంటిస్టువే గదా" అన్నాడు. కాదు. నేను కరెంటాఫీసులో లెక్కలు రాసి రిటైరైన మనిషిని. శాస్త్రవేత్తల సదస్సులో నేనడిగిన సెషన్‌కి అనుమతి వచ్చింది, అంతే. అంటే ఒక గది, గంటన్నర టైము. నేను చెప్పేది నిజమని వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. చెప్పు, వింటాం, తప్పులుంటే పట్టుకుంటాం అన్నట్టు.

1989 నవంబరు 9 తుపాను ఇక్కడ చాలామందికి గుర్తే. అది పోయాకే ఇంటి వెనక వాన కొలిచే డబ్బా పెట్టాను. వాతావరణ శాఖ వాళ్లలాగే రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచి పుస్తకంలో ఎక్కించడం. వాళ్ల లెక్కలో 2.5 మిల్లీమీటర్లయినా పడితేనే అది 'వాన రోజు'. మన నెల్లూరు జిల్లాకు నైరుతి కన్నా ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువ కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఊరు దాటేవాణ్ణి కాదు. పెళ్లిళ్లకు కూడా. దాని మీద ఇంట్లో జరిగిన గొడవలు ఇక్కడ వద్దు.

మొదటిసారి 'కోస్తాలో వానలు తగ్గుతున్నాయి' అని సెషన్ అడిగితే తిప్పి పంపారు. ఒక్క ప్రశ్న మాత్రం రాశారు: మీ డబ్బా చుట్టూ ఏముంది?

వెళ్లి చూశాను. వేపచెట్టు! డబ్బా పెట్టిన మరుసటేడు నేనే నాటింది. చెట్టయినా గోడయినా దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉండాలి. నా వేప పదడుగుల్లో ఉంది. ఇన్నేళ్లూ తగ్గింది వానో, చెట్టు మింగిందో నా పుస్తకం చెప్పలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు.

తర్వాత బయలు స్థలంలో రెండో డబ్బా పెట్టి, ఏడాది పాటు రెండూ కొలిచి తేడా చూశాను. రెండోసారి అడిగింది దాని మీదే: ఇళ్లలో రాసుకున్న వాన లెక్కల్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఒక ప్రొఫెసరుగారు తోడుగా సంతకం పెట్టారు. ఒప్పుకున్నారు.

1938లో గై క్యాలెండర్ అనే ఇంగ్లండు ఆవిరి ఇంజనీరు 147 కేంద్రాల ఉష్ణోగ్రతలు తీసుకుని, భూమి వేడెక్కుతోందని, కార్బన్ డయాక్సైడ్ అందుకు ఒక కారణమని లండన్‌లో వాతావరణ పండితుల ముందు పెట్టాడు. వాళ్లు చాలావరకు నమ్మలేదు. కానీ కూర్చోబెట్టి అడిగారు, ఆ అభ్యంతరాలు కూడా ఆయన వ్యాసంతో పాటే అచ్చేశారు. నాకు కావాల్సింది ఆ మర్యాదే.

ఇంకో చిక్కుంది. ఆ గదిలో నేనొక్కణ్ణే మాట్లాడితే చాలదు, మిగతావాళ్లూ వ్యాసాలు పంపాలి. సెషన్‌కి చాలినన్ని రాకపోతే దాన్ని వేరేదాంట్లో కలిపేస్తారు. కాబట్టి మీ ఇళ్లలో, రైసుమిల్లుల్లో, రొయ్యల గుంటల దగ్గర పాత వాన పుస్తకాలుంటే తీసుకురండి. చెదపట్టినా ఫర్లేదు. పక్కన చెట్టుందో లేదో మాత్రం చూసుకుని రండి.