అడగని ప్రశ్నకు చెప్పిన నిజం

“స్విస్ బ్యాంకుల్లో మీకు ఖాతాలున్నాయా?”
“లేవండీ.”
“ఎప్పుడైనా ఉండేవా?”
“కంపెనీకి ఓ ఆరు నెలల పాటు జ్యూరిచ్‌లో ఖాతా ఉండేది.”

ఈ నాలుగు ముక్కలే అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఇది 1966లో న్యూయార్క్‌లో జరిగిన ఒక దివాలా విచారణ. ప్రమాణం చేసి జవాబు చెబుతున్నది శామ్యూల్ బ్రాన్‌స్టన్. స్పెయిన్‌లో నగరాల్లాంటి సెట్లు వేయించి భారీ చిత్రాలు తీసిన నిర్మాత. అడుగుతున్నది అప్పులిచ్చినవారి లాయరు.

ఆ చివరి జవాబు మళ్లీ వినండి. లాయరు అడిగింది ‘మీకు’ అని. ఆయన చెప్పింది ‘కంపెనీకి’ అని. తన సంగతి ఉందనలేదు, లేదనలేదు. వినేవాళ్లకు మాత్రం లేదన్నట్టే తోస్తుంది. ధర్మరాజు పక్కన కూర్చోబెట్టదగ్గ జవాబు! నిజానికి 1959 నుంచి 1964 దాకా జెనీవాలో ఆయనకు సొంత ఖాతా ఉంది. అందులో 1,80,000 డాలర్లకు పైగా చేతులు మారాయి.

సంగతి బయటపడింది. అసత్య సాక్ష్యం కేసు పెట్టారు. జ్యూరీ దోషి అంది, అప్పీళ్ల కోర్టూ సరేనంది. 1973 జనవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టేసింది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ మాట సూటిగా ఉంది. సాక్షి చెప్పింది అక్షరాలా నిజం. అడిగినదానికి జవాబు రాకపోతే గుచ్చి గుచ్చి రాబట్టాల్సిన పని లాయరుది.

నాకు బ్రాన్‌స్టన్ మీద జాలేమీ లేదు. కావాలనే తప్పించుకుని ఉండవచ్చు. కానీ ఆ లాయరును చూడండి. వెంటనే ఏమడిగాడు? “మీ బినామీలకు ఖాతాలున్నాయా?” అని! బినామీల దాకా వెళ్లినవాడికి, ఎదురుగా కూర్చున్న మనిషిని “కంపెనీ సరే, మరి మీకు?” అనడం తట్టలేదు. ఆ ఒక్క ప్రశ్న పడి ఉంటే బ్రాన్‌స్టన్‌కు రెండే దారులు: ఒప్పుకోవడం, లేదా పచ్చి అబద్ధమాడి జైలుకు సిద్ధపడటం. లాయరు మరచిన ప్రశ్నకు సాక్షిని శిక్షిస్తే ఎలా?

అలాగని సాక్షులకు ఇది పూర్తి రక్షణేమీ కాదు. విచారణ జడ్జి జ్యూరీకి ఒక ఉదాహరణ చెప్పారు. ఫలానా రోజు కొట్టుకు ఎన్నిసార్లు వెళ్లావంటే, 50 సార్లు వెళ్లినవాడు ‘5’ అన్నాడనుకోండి. 50లో 5 ఉంది కదా అంటే కుదరదు, అది అసత్యమే కావచ్చు. బర్గర్ దీన్ని కాదనలేదు, ఈ కేసుకు మాత్రం అతకదన్నారు. అక్కడ సాక్షి అడిగినదానికే తప్పు లెక్క చెప్పాడు. బ్రాన్‌స్టన్ అసలు ఆ ప్రశ్న జోలికే పోలేదు.

పాతికేళ్ల తర్వాత, ప్రమాణం చేసి అబద్ధమాడారంటూ అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌పై వచ్చిన అభిశంసనలో ఆయన లాయర్లు పట్టుకున్నదీ ఈ తీర్పునే.