రూన్‌క్వెస్ట్ తొలి ఆట: గ్లోరాంథాలోకి ఎక్కడి నుంచి అడుగుపెట్టాలి

నమస్కారం. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల్లో టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడాలని కోరిక ఉండి, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయిన మిత్రుల కోసం ఈ వీడియో చేస్తున్నాను. నలుగురైదుగురు ఒకచోట కూర్చుని, ఒకరు కథ నడుపుతుండగా మిగిలినవారు తలా ఒక పాత్రను తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతూ, ఫలితం అనుమానంగా ఉన్నచోట పాచికలు వేసి తేల్చుకోవడమే ఈ తరహా ఆటల పద్ధతి. కథ నడిపేవారిని గేమ్ మాస్టర్ అంటారు. వాటిలో ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది రూన్‌క్వెస్ట్.

ఈ ఆట పేరు విన్నవారు దాని దగ్గరకు రావడానికి జంకేది నియమాలను చూసి కాదు, దాని వెనుక ఉన్న లోకాన్ని చూసి. ఆ లోకం పేరు గ్లోరాంథా. గ్రెగ్ స్టాఫర్డ్ అనే అమెరికన్ రచయిత 1966లో దాన్ని ఊహించడం మొదలుపెట్టి, 1975లో కేయోసియం అనే సంస్థను స్థాపించి, ఆ లోకంలో జరిగే యుద్ధాన్ని మొదట ఒక బోర్డు ఆటగా అచ్చువేశారు. స్టీవ్ పెరిన్ బృందం రాసిన రూన్‌క్వెస్ట్ 1978లో వచ్చింది. స్టాఫర్డ్ 2018లో మరణించారు. ఇప్పుడు మనం ఆడే కూర్పు విడుదలైనది కూడా ఆ ఏడాదే. ఇన్ని దశాబ్దాలుగా పేరుకుపోయిన పురాణాలు, వంశచరిత్రలు, దేవతల కుటుంబాలు, రాజ్యాల పటాలు, పండుగల పంచాంగాలు చూస్తే, ఇవన్నీ చదివితే గానీ ఆడలేమేమో అనిపించడం సహజం. అలా అనుకుని పుస్తకాలు కొనుక్కుని చదువుతూ ఉండిపోయి, ఒక్కసారి కూడా పాచిక వేయని వారు ఎందరో ఉన్నారు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే: లోకాన్ని ముందుగా చదవకండి. ఒక్క వంశాన్ని, ఒక్క ఊరిని, ఒక్క దేవుణ్ణి పట్టుకుని ఆట మొదలుపెట్టండి. మిగిలినది ఆటలోనే తెలుస్తుంది.

ఇది ఎలా సాధ్యమో మన ప్రాంతం వారికి చెప్పడం తేలిక. కొమ్మువారు పాడే కాటమరాజు కథ మన సీమ కథ. కరువుకు తట్టుకోలేక ఆలమందలను తోలుకుని నెల్లూరు సీమ బీళ్ళకు వచ్చిన కాటమరాజుకూ, నెల్లూరు పాలకుడు నల్లసిద్ధికీ పుల్లరి దగ్గర తగువు వచ్చి, పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధమైంది. ఆ కథ విన్న పల్లెవాళ్ళలో ఎవరూ కాటమరాజు పూర్వీకుల చరిత్ర అంతా ముందే నేర్చుకుని వచ్చి కూర్చోలేదు. ఆ రాత్రి పాడిన ఘట్టంలో ఎవరు ఎవరి బంధువో, ఎవరి మాట ఎవరు తప్పారో తెలిస్తే చాలు, మిగిలిన కథ ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా చెవిన పడుతుంది. గ్లోరాంథాను కూడా అలాగే అందుకోవాలి. పైగా పోలిక కేవలం పద్ధతిలోనే కాదు, సరుకులో కూడా ఉంది. ఆట మొదలయ్యే సార్తార్ రాజ్యంలో ప్రజల సంపద పశువులే. అక్కడ కూడా మందలను తోలుకుపోవడం, వాటి జాడ వెదుక్కుంటూ పోవడం, పరిహారం కోసం బేరమాడడం, బేరం కుదరకపోతే కత్తి దూయడం నిత్యవ్యవహారం.

ఇక కావలసిన వస్తువుల గురించి. కేయోసియం వెబ్‌సైటులో క్విక్‌స్టార్ట్ అనే చిన్న పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. అందులో నియమాల సారాంశం, సిద్ధం చేసిన పాత్రలు, ఒక పూట ఆటకు సరిపోయే కథ ఉన్నాయి. దాన్ని దగ్గరలోని జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుంటే చాలు. డబ్బు పెట్టగలిగితే 2021లో వచ్చిన స్టార్టర్ సెట్ పెట్టె కొనండి. అందులో నాలుగు పుస్తకాలు, పాచికలు, సిద్ధంగా ఉన్న 14 పాత్రలు వస్తాయి. ఆ నాలుగింటిలో ఒకటి ఒంటరిగా ఆడుకునేది. గేమ్ మాస్టర్ కాబోయేవారు దాన్ని ముందుగా ఒకసారి ఆడితే నియమాలు చేతికి వస్తాయి. పాచికలు నాలుగు, ఆరు, ఎనిమిది, పది, ఇరవై ముఖాలవి కావాలి. మన ఊళ్ళలోని ఆటవస్తువుల దుకాణాల్లో అవి కనబడకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, అప్పటివరకు ఫోన్‌లో పాచికల యాప్ సరిపోతుంది.

ఇప్పుడు తెరపై ఒక పాత్ర కాగితాన్ని చూపిస్తున్నాను. ఆట గురించి మీరు నేర్చుకోవలసినదంతా ఈ ఒక్క కాగితంలో ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడదాం.

కాగితం నిండా శాతాలు కనిపిస్తున్నాయి కదా. ఒక పని చేయాలంటే పది ముఖాల పాచికలు రెండు వేసి, ఒకదాన్ని పదుల స్థానంగా, రెండోదాన్ని ఒకట్ల స్థానంగా చదవాలి. వచ్చిన సంఖ్య మీ నైపుణ్యానికి సమానంగా గానీ తక్కువగా గానీ ఉంటే పని జరిగినట్టు. ఉదాహరణకు జాడ పట్టే నైపుణ్యం 45 అనుకుందాం. 32 పడితే జాడ దొరికింది. 45లో ఐదో వంతు 9 కాబట్టి, 9 లేదా అంతకన్నా తక్కువ పడితే మామూలు కన్నా మంచి ఫలితం. 2 లేదా అంతకన్నా తక్కువ పడితే అది అసాధారణ విజయం. రెండు సున్నాలు పడితే వంద అని లెక్క. ఆటలోని పనుల్లో అధికభాగం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి కాబట్టి, మొదటి రోజుకు ఇంతకుమించి లెక్కలు అవసరం లేదు.

కాగితంలో ఎడమవైపు ఉన్న గుర్తులు చూడండి. వీటిని రూన్‌లు అంటారు, ఆట పేరులో ఉన్నవి ఇవే. గ్లోరాంథాలో సృష్టి అంతా ఈ శక్తులతో అల్లుకుని ఉంటుంది. చీకటి, నీరు, భూమి, అగ్ని, వాయువు, చంద్రుడు అనేవి మూలతత్వాలు. వీటితోపాటు ఒకదానికొకటి ఎదురుగా నిలిచే జంటలు ఉన్నాయి: సత్యానికి ఎదురు మాయ, చలనానికి ఎదురు స్థిరత్వం, సామరస్యానికి ఎదురు కలహం, సంతానశక్తికి ఎదురు మృత్యువు. జంటలో రెండింటి మొత్తం ఎప్పుడూ 100. అంటే మీ పాత్రలో సత్యం 75 ఉంటే మాయ 25 మాత్రమే. అలాంటి పాత్ర ఆట నడిచేకొద్దీ సత్యానికి ఇంకా దగ్గరవుతుంటే, అబద్ధం ఆడే శక్తి దానిలో తగ్గిపోతూ ఉంటుంది. మనిషి స్వభావమూ, ఆ మనిషి చేయగల మంత్రమూ, సృష్టి నిర్మాణమూ ఒకే అంకెలో కలిసిపోయిన ఈ ఏర్పాటు నాకు ఈ ఆటలో అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. వందల పేజీల పురాణం చదవకుండానే, మీ పాత్రలో వాయువు 80 ఉందని తెలిసిన క్షణంలో, మీరు తుపాను దేవుడైన ఆర్లాంత్ స్వభావం కలవారనీ, ఆవేశపరులనీ, ఒకరి అదుపులో ఇమడరనీ మీకు తెలిసిపోతుంది.

రూన్‌ల పక్కనే అనురక్తులు ఉన్నాయి. కుటుంబం మీద ప్రేమ, వంశం పట్ల విధేయత, ఫలానా శత్రువు మీద ద్వేషం, గౌరవం, ఇలా ఒక్కోదానికి ఒక శాతం ఉంటుంది. వీటి వాడకం మొదటి రోజే నేర్చుకోవాలి. ఇందాకటి జాడ పట్టే పనినే తీసుకోండి. దొంగలు తోలుకుపోయింది మీ వంశం పశువులను. మీరు గేమ్ మాస్టరుతో, ‘నా వంశం మీద ప్రేమతో వెదుకుతున్నాను’ అని చెప్పి, 60 ఉన్న ఆ ప్రేమ మీద ముందు పాచిక వేయవచ్చు. 41 పడితే జాడ పట్టే నైపుణ్యానికి 20 కలిసి 45 కాస్తా 65 అవుతుంది. కానీ 60 దాటి పడితే 20 తగ్గి 25కు దిగుతుంది. ఆందోళనతో కళ్ళు మసకబారినట్టు అన్నమాట. కాబట్టి హృదయాన్ని పందెం పెట్టాలా వద్దా అనేది ప్రతిసారీ ఆటగాడు ఆలోచించుకోవలసిన నిర్ణయం.

గౌరవం అనే అనురక్తి ఎలా పనిచేస్తుందో కొత్తవారికి వివరించడానికి ఖడ్గతిక్కన కథ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కాటమరాజుతో యుద్ధంలో ఓడి ఇంటికి తిరిగివచ్చిన ఆ వీరుడికి, భార్య స్నానానికి నులక మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచిందనీ, తల్లి విరిగిన పాలతో అన్నం పెట్టిందనీ, ఆ అవమానంతో ఆయన తిరిగి యుద్ధానికి వెళ్ళి ప్రాణం విడిచాడనీ చెబుతారు. ఆట పరిభాషలో చూస్తే, అక్కడ ఆయన కత్తి నైపుణ్యం మారలేదు. గౌరవం అనే అంకె ఆయన్ను కదిలించింది. మీ పాత్ర గౌరవం 80 దాటితే, దానికి విరుద్ధమైన పని మీరు చేయబోయినప్పుడు గేమ్ మాస్టర్ మిమ్మల్ని పాచిక వేయమని అడగవచ్చు.

దేవుళ్ళ విషయానికి వస్తే, ప్రతి పాత్ర ఒక దేవతకు భక్తుడిగానో భక్తురాలిగానో ఆట మొదలుపెడుతుంది. తొలి ఆటకు నేను సూచించేది ఆర్లాంత్, అతని భార్యయైన భూదేవి ఎర్నాల్డా, వైద్యానికి అధిదేవత అయిన చలానా అరోయ్, ఈ ముగ్గురిలో ఎవరో ఒకరిని. దైవమంత్రాలకు మొదట మూడు రూన్ పాయింట్లు ఉంటాయి, వాడితే ఖర్చయిపోతాయి, మళ్ళీ కావాలంటే పుణ్యదినాన పూజలో పాల్గొనాలి. ఈ ఒక్క నియమం వల్ల పండుగ ఎప్పుడో, గుడి ఎక్కడో, అక్కడ ఏ గాథ చెబుతారో ఆటగాళ్ళే అడగడం మొదలుపెడతారు. అప్పుడు గేమ్ మాస్టర్ ఆ ఒక్క గాథ చదువుకుని వస్తే చాలు. చదివించేది అవసరం కావాలి, భయం కాకూడదు.

యుద్ధం గురించి ఒక హెచ్చరిక. దెబ్బ తగిలినప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి అది శరీరంలో ఎక్కడ తగిలిందో చూస్తారు. 1 నుంచి 8 వరకు కాళ్ళు, 19 గానీ 20 గానీ అయితే తల. ఒక్క గట్టి దెబ్బకు కాలు పనికిరాకుండా పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఇతర ఆటల అలవాటుతో ప్రతి ఎదురుపాటునూ కత్తితో తేల్చాలనుకుంటే తొలి గంటలోనే పాత్రలు నేలకొరుగుతాయి. ఇక్కడ లొంగిపోవడానికీ, బందీని విడిపించుకునే సొమ్ముకూ మర్యాదలు ఉన్నాయి. స్వతంత్ర పౌరుడి విడుదల సొమ్ము 500 లూనార్లు (అక్కడి నాణేలు) అని కాగితం మీదే రాసి ఉంటుంది. శత్రువును చంపడం కన్నా పట్టుకోవడమే వంశానికి లాభం. ఈ సంగతి గేమ్ మాస్టర్ ఆట మొదట్లోనే విప్పి చెప్పాలి.

చరిత్రలో ఎంత చెప్పాలి? నేనైతే నాలుగు మాటలతో సరిపెడతాను. చంద్రదేవతను కొలిచే లూనార్ సామ్రాజ్యం 1602లో సార్తార్ రాజధాని బోల్డ్‌హోమ్‌ను జయించింది. 1625లో ఒక మహా డ్రాగన్ నేలను చీల్చుకుని లేచి, లూనార్ ప్రముఖులను మింగేసింది. సార్తార్ ప్రజలు మళ్ళీ తలెత్తారు. మీరు వారిలో ఒకరు. ఈ సంవత్సరాలు గ్లోరాంథా పంచాంగం ప్రకారం అని మాత్రం గుర్తుంచుకోండి. అక్కడి ఇనుము అరుదైనదనీ, వాడుకలో ఉన్న కంచు చనిపోయిన దేవతల ఎముకల నుంచి తవ్వి తీసిందనీ, అడవిలోని ఎల్ఫులు అనే మనిషి ఆకారపు జాతివారు నిజానికి నడిచే మొక్కలనీ, అవి ఎదురైన రోజున చెప్పవచ్చు. ముందే చెబితే సమాచారంగా మిగిలిపోతుంది, ఎదురైనప్పుడు చెబితే ఆశ్చర్యం కలుగుతుంది.

క్విక్‌స్టార్ట్‌లోని కథ దొంగిలించిన పశువుల వెంట వెళ్ళడంతో మొదలవుతుంది కాబట్టి, మన ప్రాంతపు ఆటగాళ్ళకు తొలిపూట అదే సరైనదని నా నమ్మకం. తెలుగులోనే ఆడండి. పెద్ద పాత్ర చిన్న పాత్రను ‘ఏరా’ అని పిలవనివ్వండి, వంశపెద్దతో మాట్లాడేటప్పుడు ‘అయ్యా’ అననివ్వండి. మూడు నాలుగు గంటలు కేటాయించండి, నలుగురు ఆటగాళ్ళకు మించవద్దు.

ఆడుతున్నప్పుడు ఏ నైపుణ్యంలో విజయం వస్తే దాని పక్కన ఒక గీత పెట్టమని చెప్పండి. కథలో ఋతువు ముగిశాక, గీత ఉన్న ప్రతి నైపుణ్యం మీద మళ్ళీ పాచిక వేస్తారు. ఈసారి మాత్రం ఉన్న అంకె కన్నా ఎక్కువ పడితేనే నైపుణ్యం పెరుగుతుంది. అంటే తెలియనివాడు త్వరగా నేర్చుకుంటాడు, ఆరితేరినవాడికి మరో మెట్టు కష్టం. పెరుగుదలకు ఆరు ముఖాల పాచిక వేయవచ్చు, లేదా నికరంగా 3 తీసుకోవచ్చు. గ్లోరాంథా సంవత్సరంలో ఇలాంటి ఋతువులు ఐదు, ఒక్కొక్కటి 56 రోజులు. చివర 14 రోజుల పవిత్రకాలంతో కలిపి 294 రోజులు. ఋతువుకు ఒక సాహసం చొప్పున నడిపితే, ఐదు కలయికల్లో ఒక సంవత్సరం పూర్తవుతుంది. ఆ పవిత్రకాలంలో వంశమంతా కలిసి సృష్టిగాథలను తిరిగి అభినయిస్తుంది. అప్పటికి మీ ఆటగాళ్ళకు ఏ గాథ కావాలో వారే చెబుతారు. వచ్చే వీడియోలో తాతల కాలం నుంచి కుటుంబచరిత్రను పాచికలతో రాసుకుంటూ సొంత పాత్రను తయారుచేయడం చూపిస్తాను. అప్పటికి క్విక్‌స్టార్ట్ ప్రింట్ తీయించి, ఒక పూట ఆడి ఉండండి.