కొండ అంటుకుంటే బోరు ఎండుతుంది

అన్నలకు, అక్కలకు, రేంజ్ ఆఫీసు నుంచి వచ్చిన సార్లకు నమస్కారం. కార్చిచ్చు గురించి కాసేపు, కరువు గురించి కాసేపు మాట్లాడమని మైకు ఇచ్చారు. శేషాచలం కింద సేద్యం చేసేవాళ్లకు ఆ రెండూ వేరు కాదు. పైన కొండ కాలితే ఆ దెబ్బ కింద మన బోరుకే తగులుతుంది, నేను చెప్పాలనుకున్నది అదే.

ముందు గడ్డి సంగతి. కరువు ఏడే అడవి ఎక్కువ కాలుతుందని చాలామంది అనుకుంటారు, కానీ నన్నడిగితే మంచి వాన పడిన ఏడే ఎక్కువ టెన్షన్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు దండిగా పడితే కొండంతా బోద గడ్డి నడుము దాటి లేస్తుంది, సంక్రాంతికి పచ్చన పోయి ఫిబ్రవరి చివరికి చేత్తో నలిపితే పొడి అయిపోతుంది. ఎర్రచందనం కూడా ఆ ఎండకాలంలోనే ఆకు రాలుస్తుంది. ఇక అగ్గిపుల్ల ఒక్కటి చాలు. 2014 మార్చిలో తిరుమల అడవులు అంటుకున్నప్పుడు మనుషులు కొమ్మలు పట్టుకుని కొడితే ఆగలేదు, వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి పైనుంచి నీళ్లు పోయాల్సి వచ్చింది.

మన పెద్దోళ్ల కాలంలో బోద ఇట్లా నిలిచిపోయేది కాదు. ఊళ్లో సగం ఇళ్లు బోదకొట్టాలే కాబట్టి ఎవరికి కావాల్సింది వాళ్లు కోసి మోపులు కట్టి దించుకునేవాళ్లు. ఇప్పుడు అందరికీ మిద్దెలే, సంతోషమే, కానీ కోసేవాడు లేక ఆ గడ్డంతా అక్కడే నిలబడి ఎండుతోంది. దాన్ని ముట్టుకుంటే చట్టం ఒప్పుకోదని సార్లు అంటారు, రిజర్వు అడవి కదా, వాళ్ల ఇబ్బంది వాళ్లది.

అంటించేది ఎవరయ్యా అంటే, ఎండకు దానంతట అదే అంటుకుంది అనే మాట మానేద్దాం. మనదేశంలో అడవి మంటల్లో చాలా ఎక్కువ భాగం మనుషుల చేతి పనే. తేనె కోసం పొగపెట్టి సరిగ్గా ఆర్పకుండా వచ్చేవాడు, తొలకరికి లేత గడ్డి వస్తుందని ముట్టించే గొర్రెలాయన, బీడీ విసిరేవాడు. వీళ్లనే తిడుతుంటాం. మరి మనం? చెరకు కొట్టాక తోటలో ఆకు తగలబెట్టి, గాలి తిరిగాక చూస్తే మంట గట్టు దాటి కొండ ఎక్కుతూ ఉంటుంది. ఎక్కిందంటే అందదు. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం రెట్టింపు అవుతుందని ఆస్ట్రేలియా వాళ్లు కట్టిన లెక్క ఒకటుంది. అందుకే పిల్లలూ, మంటకు పైవైపు ఎప్పుడూ నిలబడొద్దు, పక్కగా కిందికి దిగండి, వీడియో తర్వాత తీసుకోవచ్చు.

ఇప్పుడు బోరు దగ్గరికి వస్తా. కాలని కొండ మీద ఆకుచెత్త మందంగా పరుచుకుని ఉంటుంది, వాన దాంట్లో నిదానంగా ఇంకి రాతి నెర్రెల్లోకి దిగుతుంది, ఆ నీళ్లే కింద మనం తోడుకునేది. కాలిన కొండ మీద ఆ చెత్త బూడిదైపోయి ఉంటుంది. మొదటి వానకు వంకలో నీళ్లు నల్లగా, నురగలు కక్కుకుంటూ వస్తాయి, మీరంతా చూసినవే. కొండ మీది మన్ను కూడా దాంతోనే వచ్చి చెరువులో పూడిక అవుతుంది. నీళ్లు ఇంకవు, చెరువు పట్టదు, ఆపైన రెండేళ్లు వాన ముఖం చాటేస్తే రిగ్గు లారీని పిలుస్తాం. మా బామ్మర్ది బోరు వేయించిన రాత్రి నేనూ అక్కడే ఉన్నా. వెయ్యి అడుగులు దాటినా రాతిపొడే ఎగురుతోంది. అందరం ఆ పొడిని గుప్పిట్లోకి తీసుకుని, తడి ఏమైనా తగులుతుందా అని నలిపి చూస్తున్నాం. తగల్లేదు. రిగ్గువాళ్లకు అడుగుల లెక్కన డబ్బు కట్టి, వారం తిరక్కముందే రెండు ఆవుల్ని సంతకు తోలాడు. పాల డబ్బుతో నడిచే ఇల్లు అది.

ఆస్ట్రేలియాలో 2019 వాళ్ల రికార్డుల్లోనే అతి వేడి, అతి తక్కువ వాన పడిన ఏడాది, ఆ వెంటే వచ్చిన మంటల్లో నేరుగా 33 మంది చనిపోయారు. అక్కడ పల్లెల్లో మంటకు ఎదురెళ్లినవాళ్లలో ఎక్కువమంది జీతగాళ్లు కాదు, వాలంటీర్లు. రైతులు, మెకానిక్కులు, టీచర్లు, ముందే ట్రైనింగు అయినవాళ్లు. మనకు వాళ్లంత సరంజామా లేదు గానీ, ఉపగ్రహం మంటను పసిగడితే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి సెల్లుకు మెసేజ్ వచ్చే ఏర్పాటు మన దేశంలోనూ ఉంది. మెసేజ్ వచ్చాక కొండెక్కేది ఎవరు? నలుగురు ఫైర్ వాచర్లు ఎంతని పరిగెత్తుతారు?

సార్లను అడిగేది ఒకటే. నేషనల్ పార్కు లోపలికి మేం రాము. ఊరి వైపు అంచున, మీ మనిషిని పక్కన పెట్టుకునే, సంక్రాంతి లోపల బోద కోసుకోనివ్వండి. దానికి కూలి ఇస్తే ఇంకా మంచిది. మనవైపు నుంచి, ఫిబ్రవరి మొదలు వానలు పడేదాకా చెరకాకు ముట్టించేవాళ్లు ముందు పక్క రైతుకు చెప్పాలి, నీళ్ల ట్యాంకరు గట్టు మీద పెట్టుకుని సాయంత్రం గాలి తగ్గాకే ముట్టించాలి, నిప్పు పూర్తిగా ఆరేదాకా అక్కడి నుంచి కదలకూడదు. ట్రాక్టరు ట్యాంకర్లు ఉన్నవాళ్లు ఈ మీటింగు అయ్యాక వెళ్లిపోకండి, ఎవరి బండి ఏ వారం అందుబాటులో ఉంటుందో రాసుకోవాలి. డీజిల్ ఎవరు పోయాలనే గొడవ ఎట్లాగూ వస్తుంది, అది కూడా ఇక్కడే తేల్చుకుందాం.