బిడ్డ పుట్టాక స్నేహాలు ఏమవుతున్నాయి?

సభకు నమస్కారం. పెళ్ళయితే స్నేహితులు దూరమవుతారని మన ఇళ్ళలో అంటుంటారు గాని, నేను చూసినంతవరకు స్నేహాలను పెళ్ళికన్నా బిడ్డ రాకే ఎక్కువగా మారుస్తుంది. పైగా ఆ మార్పు తల్లికీ తండ్రికీ ఒకేలా రాదు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కాకినాడ అమ్మాయి సంగతే తీసుకుందాం. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆనవాయితీ ప్రకారం ఆమె సీమంతం కాగానే వెళ్ళి, బారసాల ముగిశాక కూడా బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చేవరకు అక్కడే ఉంటుంది. ఈ పద్ధతి వల్ల కలిగే మేలును నేను తక్కువ చేయను. రెండు మూడు గంటలకొకసారి పాలిస్తూ రాత్రంతా మేలుకున్న బాలింతకు, తెల్లవారగానే బిడ్డను కాళ్ళమీద పడుకోబెట్టుకుని నలుగుపెట్టి నీళ్ళుపోసే అమ్మమ్మ, పథ్యం వండిపెట్టే పిన్ని దగ్గర ఉండటం సామాన్యమైన అండ కాదు. అయితే తిరిగి ఉద్యోగంలో నిలదొక్కుకోగలనా అన్న భయాన్ని, కారణం తెలియకుండానే వచ్చే ఏడుపును తల్లితో చెప్పుకోలేక స్నేహితురాలితోనే చెప్పుకొనే అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ఆ స్నేహితురాలు మాత్రం హైదరాబాదులో ఉండిపోయింది. భర్తకు ఈ ఎడబాటు లేదు. వీలైన వారాంతాల్లో బిడ్డను చూసి వచ్చినా, అతని ఆఫీసు, అతని మిత్రబృందం ఎక్కడివక్కడే ఉంటాయి.

బిడ్డను చూసుకోవడం తల్లి పనేనన్న అంచనాతోనే చట్టం, నిబంధనలు కూడా నడుస్తున్నట్టు నాకు అనిపిస్తుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో తల్లికి వేతనంతో కూడిన ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరగడం మంచి మార్పే. కాని కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి దొరికేది 15 రోజులే.

ఆమె తిరిగి వచ్చేసరికి పాత స్నేహితులు పిలవడం మానేసి ఉంటారు. ప్రేమ తగ్గి కాదు, పసిబిడ్డతో ఉన్నదాన్ని ఇబ్బంది పెట్టడమెందుకని. తన దగ్గర బిడ్డ కబుర్లు తప్ప ఇంకేమీ లేవని ఆమె కూడా వెనక్కు తగ్గుతుంది. ఇక పిల్లలకోసం ఏళ్ళతరబడి ఎదురుచూస్తున్న స్నేహితురాలు ఉంటే, బారసాలకు పిలవాలో వద్దో తెలియక ఇద్దరూ నలిగిపోతారు. పిలవడమే మంచిదని, రావాలా వద్దా అన్నది ఆమెకే వదిలేసి, రాకపోతే కారణం అడగకూడదని నా అభిప్రాయం.

కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, కొత్త పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, సన్నిహిత స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. అపార్టుమెంటు పార్కులో సాయంత్రం పిల్లలను ఆడిస్తూ ఇద్దరు తల్లులు రోజూ అరగంట మాట్లాడుకుంటే, ఆ 200 గంటలు పూర్తవడానికి ఏడాది దాటుతుంది. అందుకే ఫలానా బాబు వాళ్ళమ్మ, ఫలానా పాప వాళ్ళమ్మ అంటూ ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే మొదలయ్యే ఆ పరిచయాలను ఎవరైనా కాలక్షేపమని తీసిపారేస్తే నాకు బాధ కలుగుతుంది.

పాత స్నేహాలు నిలవాలంటే మాత్రం స్నేహితులే ఆ ఇంటికి వెళ్ళాలి. ముందుగా ఫోన్ చేసి, బిడ్డ నిద్రవేళ కనుక్కుని, కాఫీ పెట్టే పని కూడా ఆమెకు కల్పించకుండా, వీలైతే ఆ పూటకు కూరా పప్పూ వండి తీసుకువెళ్ళాలి. ఈ సభలో ఉన్న తండ్రులను ప్రత్యేకంగా ఒకటి కోరుతున్నాను. వారానికి ఒక సాయంత్రం రెండు గంటలపాటు బిడ్డను పూర్తిగా మీరే చూసుకోండి; పాలు పట్టడం, గుడ్డలు మార్చడం, ఏడిస్తే ఊరుకోబెట్టడం అన్నీ మీరే చేయండి. ఆ రెండు గంటల్లో ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని కలవాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. అత్యవసరమైతే తప్ప మధ్యలో ఫోన్ చేయకండి.