ఆండ్రే షుర్లె కెరీర్ రివ్యూ: బెంచ్ మీద నుంచి లేచి వరల్డ్ కప్‌ని మలుపు తిప్పిన వింగర్

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో జర్మన్ ఫుట్‌బాల్ వింగర్, అంటే మైదానం అంచుల వెంబడి దాడి చేసే ఆటగాడు, ఆండ్రే షుర్లె కెరీర్ గురించి మాట్లాడుకుందాం. దేశం తరఫున 57 మ్యాచ్‌లు, 22 గోల్స్, ఒక వరల్డ్ కప్. 29 ఏళ్లకే ఆట మానేశాడు. అందుకే చాలామంది "టాలెంట్ ఉంది, నిలబెట్టుకోలేకపోయాడు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకు ఆ మాట అన్యాయం అనిపిస్తుంది.

నేరుగా 113వ నిమిషానికి వెళ్దాం. 2014 జూలై 13, రియోలోని మారకానా. అర్జెంటీనాతో ఫైనల్, 0-0, ఎక్స్‌ట్రా టైమ్. మన దగ్గర తెల్లవారుజామున మూడు కావస్తోంది. జర్మనీని గెలిపించిన గోట్జె గోల్ అందరికీ గుర్తుంది: ఛాతీతో ఆపాడు, బంతి కింద పడకముందే ఎడమ కాలితో కొట్టాడు. మీరు మాత్రం ఇంకొంచెం వెనక్కి జరిపి, ఎడమ టచ్‌లైన్ దగ్గర షుర్లెని చూడండి. అతను కుడికాలి ఆటగాడు. ఎడమవైపు బంతి దొరికితే లోపలికి తిరిగి కుడికాలితో కొట్టడం అతని అలవాటు. ఈసారి లోపలికి రాలేదు. లైన్ వెంబడే దూసుకెళ్లాడు, అర్జెంటీనా వాళ్లు ఇద్దరు మీదకి వచ్చారు, వాళ్లు దారి మూసేలోపే ఎడమ కాలితో క్రాస్ వేసేశాడు. ఆ బంతి అంత కచ్చితంగా రాకపోతే గోట్జెకి ఛాతీతో ఆపుకునే వీలే ఉండేది కాదు.

ఆ రోజు అతను మొదటి పదకొండు మందిలో లేడన్నది మర్చిపోకండి. వార్మప్‌లో మిడ్‌ఫీల్డర్ ఖెదీరా గాయపడితే, ఇంకో మిడ్‌ఫీల్డర్ క్రామర్‌ని ఆడించారు. క్రామర్ తలకి గట్టి దెబ్బ తగిలింది. ఇది ఫైనలేనా అని రిఫరీనే అడిగాడంటే ఎంత దెబ్బో ఊహించుకోండి. 31వ నిమిషంలో అతని బదులు షుర్లె దిగాడు. మిడ్‌ఫీల్డర్ స్థానంలో వింగర్‌ని పంపడం కోచ్ లోవ్ ధైర్యమే. అంటే ఆ క్రాస్ వేసేసరికి 80 నిమిషాలకు పైగా పరుగెత్తి ఉన్నాడు.

ఆ టోర్నీ అంతా అతనిది ఇదే కథ. ప్రీ క్వార్టర్స్‌లో అల్జీరియా జర్మనీని ముప్పుతిప్పలు పెట్టింది. రెండో హాఫ్‌కి షుర్లె వచ్చాడు. 92వ నిమిషంలో సహచరుడు ముల్లర్ ఎడమవైపు నుంచి వేసిన బంతి తన వెనకగా పోతుంటే, ఎడమ మడమతో గోల్‌లోకి తోశాడు. టెన్షన్ అంతా అక్కడ తీరింది. సెమీస్‌లో బ్రెజిల్ మీద 7-1, అందులో జర్మనీ చివరి రెండు గోల్స్ అతనివే. అక్కడా సబ్‌స్టిట్యూట్‌గానే దిగాడు.

ఇక మొదట్నుంచీ చూస్తే, పుట్టింది 1990 నవంబర్‌లో, లుడ్విగ్స్‌హాఫెన్‌లో. రెండు జర్మనీలు ఒక్కటై అప్పటికి నెల దాటింది. 2009లో జర్మన్ క్లబ్ మైంజ్ కుర్రాళ్ల జట్టుతో అండర్-19 ఛాంపియన్ అయ్యాడు, కోచ్ థామస్ టుఖెల్. కొద్ది వారాలకే టుఖెల్ సీనియర్ జట్టు పగ్గాలు పట్టాడు, షుర్లె కూడా పైకి వచ్చాడు. 2010-11లో మైంజ్ వరుసగా మొదటి ఏడు మ్యాచ్‌లూ గెలిచి లీగ్ రికార్డు సమం చేసింది. షుర్లె, హోల్ట్‌బీ, సలాయ్ గోల్ కొట్టాక కార్నర్ జెండానే మైక్‌గా పెట్టుకుని బ్యాండ్ వాయిస్తున్నట్టు చేసేవాళ్లు. ఆ వీడియోలు దొరికితే తప్పకుండా చూడండి, ఆట మీద అంత ఆనందం అరుదు. ఆ సీజన్ లీగ్‌లో 15 గోల్స్. ఆ నవంబర్‌లోనే స్వీడన్‌తో మ్యాచ్‌లో జాతీయ జట్టుకి మొదటిసారి ఆడాడు. అదే నిమిషంలో పక్కన దిగిన ఇంకో కొత్త కుర్రాడు ఎవరో తెలుసా? గోట్జె!

తర్వాత ఇంకో జర్మన్ క్లబ్ లెవర్‌కూజన్‌లో రెండేళ్లు, 2013లో ఇంగ్లాండ్ క్లబ్ చెల్సీ. చెల్సీలో నాకు బాగా నచ్చేది 2014 ఏప్రిల్, పారిస్ క్లబ్ పీఎస్‌జీతో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్. చెల్సీ వింగర్ హజార్డ్‌కి గాయం, 18వ నిమిషంలోనే షుర్లెకి పిలుపు, 32లో గోల్. చెల్సీ 2-0తో గెలిచి సెమీస్‌కి వెళ్లింది. 2015లో సీజన్ మధ్యలో జర్మన్ క్లబ్ వోల్ఫ్స్‌బర్గ్‌కి మారి అక్కడ జర్మన్ కప్ గెలిచాడు. అదే ఏడాది ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్ చెల్సీదే, సీజన్ మొదటి సగం అక్కడే ఉన్నాడు కాబట్టి అందులోనూ అతని వాటా ఉంది.

అక్కడి నుంచి దిగుడే, దాపరికం లేదు. 2016లో జర్మన్ క్లబ్ డార్ట్‌మండ్ సుమారు 3 కోట్ల యూరోలు పెట్టి కొంది. రియల్ మాడ్రిడ్ మీద 87వ నిమిషంలో స్కోరు 2-2 చేసిన గోల్ ఒక్కటే గట్టిగా గుర్తుంటుంది. గాయాలు వదల్లేదు, లీగ్ గోల్స్ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత ఇంగ్లాండ్‌లోని ఫుల్హమ్‌కి, రష్యాలోని స్పార్టక్ మాస్కోకి లోన్, అంటే తాత్కాలికంగా పంపారు.

నా లెక్కలో అతని ఆటలో లోటు కూడా ఇక్కడే ఉంది. అతను నెదర్లాండ్స్ వింగర్ రాబెన్ లాగా ఒక్కడే నలుగురిని దాటే రకం కాదు. ఖాళీ చూసి పరుగెత్తడం, ఆలోచించకుండా గట్టిగా కొట్టడం, అదే అతని బలం. అలాంటి ఆటకి ఒళ్లు సహకరించాలి, మనసులో ఉత్సాహం ఉండాలి. రెండూ తగ్గితే ట్రిక్కులతో నెట్టుకురావడం కుదరదు. 2020 జూలైలో రిటైర్ అవుతూ జర్మన్ పత్రిక డేర్ ష్పీగెల్‌తో అదే చెప్పుకొచ్చాడు: దిగులు రోజులు లోతవుతున్నాయి, ఆనందం తగ్గుతోంది, చప్పట్లు ఇక అక్కర్లేదు అని. 29 ఏళ్లకి, ఇంకా డబ్బిచ్చే క్లబ్బులు దొరికే వయసులో, ఆ మాట పైకి చెప్పడాన్ని నేను ఓటమి అనను.

రేటింగ్ అడుగుతారు కాబట్టి, పదికి ఎనిమిది. క్లబ్ ఆటకి మాత్రమే అయితే ఆరున్నర. కొత్తగా చూసేవాళ్లు ఫైనల్ కంటే ముందు అల్జీరియా మ్యాచ్ రెండో హాఫ్ నుంచి పెట్టుకోండి. అతను దిగాక జర్మనీ ఎడమవైపు ఎలా మారిందో చూసి, కింద కామెంట్‌లో రాయండి.